సీప్యాప్ పెట్టుకున్నా రాత్రికి నాలుగైదు సార్లు మెలకువ: ప్రెషర్ 4–20 మీద ఉంది, ఏది మార్చాలి?

లెక్కల మాస్టారు, ఖమ్మం

అందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్లు. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఊదే ఈ సీప్యాప్ మిషన్ కొని ఏడు వారాలైంది. చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

కిందటేడు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని, ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయాను. పక్క మాస్టారు మోచేత్తో పొడిచేసరికి ఎవరో పిల్లవాడి త్రికోణమితి లెక్క మీదుగా జానెడు ఎర్రగీత పోయి ఉంది. (ఆ లెక్క కరెక్టే చేశాడు. మార్కులు వేసేశాను, కంగారు పడకండి.) అంతకు ముందే బస్సులో దిగాల్సిన స్టేజీ రెండుసార్లు దాటిపోయాను. వయసులే, ఎండలే అనుకున్నాను. బోనకల్ రోడ్డులో బండి మీద వస్తూ రెప్ప పడ్డ రోజు మాత్రం వెన్నులో చలి పుట్టింది. హైదరాబాద్ వెళ్లి స్లీప్ స్టడీ చేయించుకుంటే గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. 30 దాటితే తీవ్రం కిందే లెక్కట. ఆక్సిజన్ ఒక దశలో 78కి పడిపోయింది.

మిషన్ తెచ్చినాయన ఇంట్లో పది నిమిషాలున్నాడు. మాస్కు తగిలించి, "ఆటో మిషన్ సార్, అన్నీ అదే చూసుకుంటుంది" అని టీ తాగి వెళ్లిపోయాడు. ప్రెషర్ 4 నుంచి 20 వరకు (నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు). పడుకున్న కొత్తలో ప్రెషర్ తక్కువలో ఉంచే ర్యాంప్ 30 నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించేది, ఈపీఆర్ అంటారే, అది 3. తేమ 5. ముక్కు మీద పెట్టుకునే మాస్కు, మీడియం సైజు. ఇంతే సంగతులు.

అసలు బాధలోకి వస్తాను. పడుకోగానే గాలి చాలదు, తలుపులన్నీ మూసిన గదిలో దుప్పటి ముసుగేసుకున్నట్టు ఉంటుంది. ఎలాగో నిద్ర పడుతుంది, కానీ నిలవదు. తలగడ పక్కన నోటుపుస్తకం పెట్టుకుని మెలకువ వచ్చినప్పుడల్లా టైము రాసుకుంటున్నాను. ఈ సోమవారం 12.40, 2.50, 3.45, 4.30. మంగళవారం 1.10, 3.05, 3.50, 4.20, మళ్లీ 5.10. రోజూ ఇదే వరస, మూడు దాటాక మరీ దారుణం. మాస్కు పక్క నుంచి కుయ్యిమని ఈల. మా ఆవిడ మొదటిరోజు స్టవ్ మీద కుక్కర్ మర్చిపోయానేమోనని లేచి వంటింట్లోకి వెళ్లింది. రెండుసార్లు గొట్టంలో బుడబుడమని చప్పుడై, ముక్కులోకి నీటిచుక్క పడి ఉలిక్కిపడి లేచాను. తెల్లారేసరికి నోరు ఎండుగడ్డి. కడుపు ఉబ్బి తేన్పులు.

స్క్రీన్ మీద ఏహెచ్ఐ, అంటే ఊపిరి ఆగడమో తగ్గడమో గంటకు ఎన్నిసార్లన్న లెక్క, 7 అటూ ఇటూగా చూపిస్తోంది. 5 లోపు ఉండాలంటున్నారు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లడానికి ఇంకా ఐదు వారాలుంది, ఫోన్లో మాత్రం పలుకుతారు. ముందు ఏది సరిచూసుకోవాలి? ఆయన్ని ఏమని అడగాలి? మిషన్ మానెయ్యమని మాత్రం ఎవరూ చెప్పకండి. ఇంత తంటాలోనూ పొద్దుటి తలనొప్పి మాయమైంది, అందుకే వదల్లేదు.

ఆస్టిన్‌లో అత్తిలి కుర్రాడు

మాస్టారూ, నమస్తే. కుర్రాడినంటే పేరుకే, నాకూ 44. ఆరేళ్లుగా ఈ తొండం తగిలించుకునే పడుకుంటున్నాను.

మొట్టమొదట ఆ 4 సంగతి. 4–20 అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉండే పూర్తి రేంజి. మీకని ఎవరూ పెట్టింది కాదు, డబ్బా విప్పి అలాగే వదిలేశారు. పెద్దవాళ్లలో చాలామందికి 4 దగ్గర ఊపిరాడనట్టే ఉంటుంది. మీరు చెప్పిన దుప్పటి ముసుగు అదే. పైగా ర్యాంప్ పేరుతో అరగంట సేపు మిమ్మల్ని ఆ 4 దగ్గరే కూర్చోబెడుతోంది. ఇంకో తమాషా చెప్పనా, ఈపీఆర్ 3 పెట్టినా 4 దగ్గర అది పనిచెయ్యదు. మిషన్ 4 కంటే కిందికి దిగదు కాబట్టి తగ్గించడానికి దానికి చోటే లేదు.

రెండోది. ఆటో మిషన్ అంటే జరగబోయేది ముందే పసిగట్టేది కాదు. గురకో, గొంతు మూసుకోవడమో కనబడ్డాకే మెల్లగా ప్రెషర్ పెంచుకుంటూ పోతుంది. మీకు కావాల్సింది 11 అనుకోండి, 5 నుంచో 6 నుంచో అక్కడికి ఎక్కేలోపు నాలుగైదుసార్లు ఊపిరి ఆగనే ఆగుతుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

మిషన్ పక్కన ఎస్డీ కార్డు పెట్టే చోటు ఉంటుంది. కార్డు లేకపోతే ఒకటి కొని పెట్టండి. కార్డు పెట్టిన రాత్రి నుంచే పూర్తి వివరాలు దాంట్లో పడతాయి. కంప్యూటర్లో ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఏ నిమిషంలో ప్రెషర్ ఎంత, లీక్ ఎంత, ఊపిరి ఎప్పుడు ఆగింది అన్నీ గ్రాఫులుగా కనబడతాయి. మీరు లెక్కల మాస్టారు, మీకిది పండగ. నాలుగు రాత్రుల అంకెలు ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి.

యోగమిత్ర

ఇవన్నీ కంపెనీల వ్యాపారం సార్. రోజూ గంటసేపు ప్రాణాయామం చెయ్యండి, మూడు నెలల్లో మిషన్ అటకెక్కుతుంది.

లెక్కల మాస్టారు, ఖమ్మం

ప్రాణాయామం పన్నెండేళ్లుగా చేస్తున్నాను స్వామీ. ఆ 41 అది చేస్తుండగా వచ్చిందే.

అత్తిలి తమ్ముడూ, కార్డు పెట్టాను. మా అబ్బాయి ఆస్కార్ ఎక్కించి ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవలేదు, అంత బాగుంది. నాలుగు రాత్రుల సగటు ఇదీ:

ఏహెచ్ఐ 7.2. అందులో గొంతు మూసుకుపోయి ఆగినవి 4.1, సగం తగ్గినవి 2.5, దారి తెరిచే ఉండి ఊపిరి ఆగినవి 0.6. ప్రెషర్ మధ్యగతం 8.8. 95 శాతం సమయం 12.4 లోపే ఉంది. లీక్ 95 శాతం దగ్గర నిమిషానికి 33 లీటర్లు.

ఈ నాలుగు రాత్రులూ నా నోటుపుస్తకంలో రాసుకున్న టైములకూ గ్రాఫుకూ పోల్చి చూశాను. 2.50కి మెలకువ వచ్చిందని రాసుకున్న చోట సరిగ్గా లీక్ గీత కొండలా లేచి ఉంది. 3.45 దగ్గరా అంతే. మూడు నుంచి ఐదు మధ్య ఊపిరి ఆగిన గుర్తులు చీమల బారులా ఉన్నాయి. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మాత్రం మైదానమంత చదును. ఎందుకలా?

స్లీప్ ల్యాబ్ నైట్ డ్యూటీ

మాస్టారు గారూ, హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా రాత్రిపూట జనం నిద్రపోతుంటే తెర మీద చూస్తూ కూర్చునే ఉద్యోగం నాది. నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. అది గుర్తుపెట్టుకుని చదవండి.

మూడు తర్వాత ఎందుకంటే, కలలొచ్చే నిద్ర, ఆర్‌ఈఎమ్ అంటాం, తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటుంది. ఆ నిద్రలో ఒళ్లంతా వదులవుతుంది, గొంతు కండరాలు కూడా. దానికి తోడు వెల్లకిలా తిరిగితే నాలుక వెనక్కి జారుతుంది. మిషన్ ప్రెషర్ పెంచుతుంది. పెంచగానే సరిగ్గా కూర్చోని మాస్కు లేచి ఈలేస్తుంది. ఈలకు మీకు మెలకువ. అంటే మీకు మెలకువ తెప్పించేది ఒక్కటి కాదు, రెండు. ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

కాబట్టి ముందు లీక్. మీరు చెప్పిన వివరాలను బట్టి అది ఏ మిషనో నాకు తెలిసింది. దాంట్లో 24 లీటర్లు దాటితే పెద్ద లీక్ కింద లెక్క. గాలి పక్కనుంచి పోతుంటే మిషన్ చూపించే మిగతా అంకెలను కూడా పూర్తిగా నమ్మలేం. చిల్లు కుండలో నీళ్లు కొలిచినట్టు ఉంటుంది.

చాలామంది ఈల వినబడగానే పట్టీలు బిగిస్తారు. అదే తప్పు. మాస్కు అంచున ఉండే సిలికాన్ పొర గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. బిగిస్తే అది నలిగి మడత పడుతుంది. ఇలా చెయ్యండి. మిషన్ ఆన్ చేసి, పడుకుని, కూర్చుని కాదు, పడుకుని, పట్టీలు అన్నీ వదులు చేసి, మాస్కును ముఖం నుంచి ఒక్క వేలెడు ముందుకు లాగి మెల్లగా వదలండి. పొర ఉబ్బి కూర్చుంటుంది. అప్పుడు పైపట్టీ, తర్వాత కింది పట్టీ, లీక్ ఆగేంతవరకే. పొద్దున ముక్కు మీద ఎర్రటి గాడి పడిందంటే ఎక్కువ బిగించినట్టు.

ప్రెషర్ విషయానికొస్తే, మధ్యగతం 8.8 ఉన్నవారికి కింది హద్దు 4 అర్థం లేనిది. కానీ అది మందు మోతాదు లాంటిది. డాక్టరు గారికి ఫోన్ చేసి మీరు ఇక్కడ పెట్టిన అంకెలే చదవండి, కింది హద్దు ఎంత పెట్టమంటారో అడగండి. మేం ల్యాబ్‌లో పక్కనే కూర్చుని టైట్రేషన్, అంటే సరిపడే ప్రెషర్ వెతకడం, చేసేటప్పుడు కూడా ఒక్కో సెంటీమీటరే పెంచుతాం, మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగి. ఇంట్లో అయితే ఒక మార్పు చేశాక కనీసం నాలుగైదు రాత్రులు చూడాలి. ఒక్క రాత్రి చూసి ఏదీ తేల్చలేం.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడేవాళ్లు ఈ చర్చ చదివి సొంతంగా ఏదీ తిప్పకండి. వాళ్లలో మెదడు నుంచి ఊపిరి సంకేతమే ఆగే రకం ఉండవచ్చు. ప్రెషర్ పెంచితే అది పెరిగే అవకాశం ఉంది. మాస్టారికి దారి తెరిచే ఉండి ఆగిన ఆ 0.6 పట్టించుకోవలసినది కాదు, కానీ ప్రతి మార్పు తర్వాత ఆ అంకె మీద కన్నేసి ఉంచండి.

యోగమిత్ర గారూ, 41 ఉన్న మనిషిని మిషన్ అటకెక్కించమనకండి. బండి నడుపుతున్నాడాయన.

విశాఖ వదిన

ఇక్కడ అందరూ అంకెలు చెబుతున్నారు, నేను ఇంటి సంగతులు చెబుతాను. మా వారిది మూడేళ్ల అనుభవం. వాడేది ఆయనే గానీ, కాపలా కాసింది నేను.

మాస్టారు గారూ, ఒకటి నిజం చెప్పండి. మీకు మీసాలున్నాయా? గుబురుగానా? మా ఆయన మీసం మీద మాస్కు అంచు కూర్చునేది కాదు. నెలరోజులు పోట్లాడితే అంచులు కత్తిరించారు. రెండోది కొబ్బరినూనె. రాత్రి తలకు నూనె రాసుకుని పడుకుంటే పట్టీ జారుతుంది. ముఖానికి క్రీము రాస్తే సిలికాన్ జారుతుంది. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోమనండి, మాస్కు కుషన్ రోజూ పొద్దున తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.

నోరు ఎండుతోందంటే నోరు తెరుచుకుంటోంది. ముక్కు మాస్కు పెట్టి నోరు తెరిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే నోట్లోంచి పోతుంది. ముక్కు దిబ్బడ ఉందేమో చూసుకోండి. మా వారు పడుకునే ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటారు, నీళ్లు కాచి చల్లార్చినవే. అయినా తగ్గకపోతే ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కు తీసుకోవాలి. ఇంటర్‌నెట్‌లో చూసి నోటికి ప్లాస్టర్ అంటించుకుంటున్నారు కొందరు. మా వారు అడిగితే నేను ఒప్పుకోలేదు. కరెంటు పోయి మిషన్ ఆగిందనుకోండి, ముక్కు దిబ్బడేసి నోటికి ప్లాస్టర్ ఉంటే మనిషి గతేమిటి?

గొంతులో కాదు, గొట్టంలో బుడబుడ అన్నారుగా, అది ఏసీ. ఎంతలో పెడుతున్నారు? మిషన్ నుంచి వెచ్చటి తడిగాలి వస్తుంది, చల్లటి గదిలో గొట్టం గోడలకు తగిలి నీరవుతుంది. చల్లటి బీరు సీసాకి చెమట పట్టినట్టే, ఇక్కడ చెమట లోపల పడుతుంది. (మాస్టారు గారు ఏమీ అనుకోకండి, ఉదాహరణకి అన్నాను.) మిషన్ మంచం కంటే ఎత్తులో ఉంటే ఆ నీళ్లన్నీ నేరుగా మీ ముక్కులోకే. కిందికి దించండి.

తెనాలి మందుల షాపు

ఒక్క ముక్క. లేచిన ప్రతిసారీ బాత్రూమ్‌కి వెళుతున్నారా? బీపీ మాత్ర వేస్తున్నారా, ఏ పూట? కొన్ని బీపీ మాత్రల్లో నీరు తీసే మందు కలిసి ఉంటుంది. అది రాత్రి భోజనం తర్వాత వేసుకుని, రాత్రంతా లేస్తూ, షాపుకొచ్చి నిద్రమాత్ర అడిగేవాళ్లను వారానికి ఇద్దరిని చూస్తాను. పూట మార్చడం డాక్టర్ని అడిగే చెయ్యాలి. నిద్రమాత్ర మాత్రం అడగకుండా వెయ్యొద్దు, కొన్ని గొంతును ఇంకా వదులు చేస్తాయి. మందు పార్టీలూ అంతే.

లెక్కల మాస్టారు, ఖమ్మం

వదిన గారూ, మీసం ఉంది. ఇరవయ్యో ఏట పెంచింది. పెళ్లిలోనూ ఉంది, మా నాన్న పోయినప్పుడు తీసి మళ్లీ పెంచాను. మీ పోస్టు మా ఆవిడకు వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

ఏసీ 22. మిషన్ ఉన్నది మంచం కంటే జానెడు ఎత్తున్న బీరువా గూట్లో. రెండూ నా తప్పులే.

తెనాలి గారూ, మాత్ర రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటాను. అట్ట తిప్పి చూస్తే మీరన్నట్టే రెండు మందులు కలిసి ఉన్నాయి. డాక్టరు గారిని దీని గురించీ అడుగుతాను.

ఒకేసారి రెండు తెలియని రాశులను కదిలిస్తే సమీకరణం తేలదని నేనే పిల్లలకు చెబుతాను. అందుకని ముందు లీక్ ఒక్కటే చూస్తాను. పది రోజుల తర్వాత వస్తాను.

లెక్కల మాస్టారు, ఖమ్మం (పదకొండు రోజుల తర్వాత)

మీసం అంచులు బ్లేడుతో సవరించాను, పై పెదవి ఇరుపక్కలా అర అంగుళం. స్టాఫ్ రూంలో ఎవరూ గుర్తుపట్టలేదు. నాకే అద్దంలో ఎవరో బంధువు కనిపిస్తున్నాడు.

నైట్ డ్యూటీ బాబు చెప్పినట్టు పడుకుని మాస్కు ముందుకు లాగి వదిలాను. పొర టప్పున ఉబ్బి ముక్కు చుట్టూ కూర్చోవడం చేతికి తెలిసింది. ఏడు వారాలు దాన్ని నలిపేసి వాడానన్నమాట. అయినా ముక్కు పక్కన కొంచెం గాలి పోతుంటే, మాస్కు డబ్బా మీదున్న కొలతతో చూశాం. నాకు కావాల్సింది స్మాల్. మీడియం అంటగట్టి పోయాడాయన. కుషన్ ఒక్కటే విడిగా తెప్పించాను.

లీక్ 33 నుంచి 13కి వచ్చింది. ప్రెషర్ ముట్టుకోలేదు, అయినా ఏహెచ్ఐ 5.8 అయింది. ఈల లేదు. నోరు ఎండడం సగం తగ్గింది. మెలకువలు మూడు.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. అంకెలన్నీ వరసగా చదివితే, "మీలా చెప్పే పేషెంట్ వారానికి ఒక్కడున్నా చాలు" అన్నారు. కింది హద్దు 7, పై హద్దు 14 పెట్టమన్నారు. ర్యాంప్ 10 నిమిషాలు చాలు, అదీ 6 నుంచి మొదలవ్వాలి. బీపీ మాత్ర పొద్దుటికి మార్చమన్నారు. నిన్న రాత్రి నుంచి 7. పడుకోగానే ఆ ఉక్కిరిబిక్కిరి లేదు. ఫ్యాను కింద కూర్చున్నట్టుంది.

ఆస్టిన్‌లో అత్తిలి కుర్రాడు

సెబాసు. ఇప్పుడు ఐదు రాత్రులు ఆగాలి మాస్టారూ. నా చరిత్ర నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, మంచి ఫలితం కనబడగానే చెయ్యి ఆగదు.

లెక్కల మాస్టారు, ఖమ్మం

ఆగలేదు.

నాలుగో రాత్రికే ఏహెచ్ఐ 3.1కి వచ్చింది. 7కే ఇంత తగ్గితే 9కి ఇంకెంత తగ్గుతుందో అని ఐదో రాత్రి 9 పెట్టేశాను. డాక్టరు గారికి చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. రాత్రంతా కడుపులోకి గాలి పోయి డోలులా తయారైంది. ఐదుసార్లు లేచాను. పొద్దున ఆస్కార్‌లో చూస్తే ఆ దారి తెరిచే ఉండి ఆగే రకం 0.6 ఉన్నది 6.3 అయి కూర్చుంది. మొత్తం ఏహెచ్ఐ 8. అంటే మొదటికంటే అధ్వాన్నం. అనులోమానుపాతం అన్ని చోట్లా పనిచెయ్యదు.

మళ్లీ 7కి దించాను.

స్లీప్ ల్యాబ్ నైట్ డ్యూటీ

నిజం చెప్పినందుకు తిట్టడం లేదు. ఒక్క రాత్రి 6.3ని పట్టుకుని భయపడకండి, సరిగ్గా నిద్రపట్టక మెలకువగా దొర్లుతున్నప్పటి ఊపిరిని కూడా మిషన్ ఒక్కోసారి ఆ రకం కిందే లెక్కేస్తుంది. దానికి మెదడు తరంగాలు కనబడవు కదా, మీరు నిద్రలో ఉన్నారో లేదో దానికేం తెలుసు. 7కి వచ్చాక ఆ అంకె మళ్లీ 1 లోపుకి దిగిందా? దిగకపోతే డాక్టరు గారికి చెప్పండి.

ఒకటి చెప్పనా మాస్టారూ. ఈ మిషన్ రాకముందు మీలాంటి తీవ్రమైన కేసుకు గట్టి వైద్యం ఒక్కటే, గొంతుకు కిందివైపు రంధ్రం చేసి గొట్టం పెట్టడం. 1981లో సిడ్నీ డాక్టరు కోలిన్ సల్లివన్ బృందం ముక్కులోంచి గాలి ఊది గొంతు తెరిచి ఉంచవచ్చని లాన్సెట్ పత్రికలో రాశాకే ఇదంతా. ఇప్పుడు మనం ఒకటి రెండు సెంటీమీటర్ల కోసం కొట్టుకుంటున్నాం.

లెక్కల మాస్టారు, ఖమ్మం (నెల తర్వాత)

ఆలస్యానికి మన్నించాలి, పరీక్షల డ్యూటీ పడింది.

7–14 మీదే ఉన్నాను. దారి తెరిచే ఉండి ఆగే రకం మర్నాడే 0.7కి దిగింది. ఇరవై రాత్రుల సగటు ఏహెచ్ఐ 2.2, లీక్ 11. పై హద్దు 14 ఉన్నా 11.6 దాటి వెళ్లడం లేదు. తేన్పులు పోయాయి. డాక్టరు గారిని కలిశాను, ఇదే ఉంచమన్నారు.

నీళ్ల సంగతి ఆఖరున చూశాను. తేమ 5 నుంచి 3కి తగ్గించాను. ఏసీ 26. మిషన్ బీరువా గూట్లోంచి దిగి, మంచం పక్కన వంటింటి పీట మీద కూర్చుంది. మా ఆవిడ నా పాత లుంగీ చించి గొట్టానికి పొడుగాటి తొడుగు కుట్టింది, నీలం గళ్లది. పడకగదిలోకి ఉడుము దూరినట్టుంది చూడటానికి. బుడబుడ మాత్రం ఒక్కరోజూ లేదు. ట్యాంకులో డిస్టిల్డ్ వాటర్ మందుల షాపులోదే పోస్తున్నాను. బండ్ల షాపులో బ్యాటరీ నీళ్లు చవగ్గా వస్తాయన్నాడు మా తోడల్లుడు. రోజూ ముక్కులోకి పీల్చే గాలికి ఆ కక్కుర్తి ఎందుకని తీసుకోలేదు.

ఒక రాత్రి కరెంటు రెండు గంటలు పోయింది. ఇన్వర్టర్ మీద నడిచింది. తేమ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుందని అత్తిలి తమ్ముడు విడిగా చెప్పాడు, ఆపేశాను. హీటరే ఎక్కువ తినేదట.

మాత్ర పొద్దుటికి మారాక బాత్రూమ్‌కి ఒక్కసారే, నాలుగింటి ప్రాంతంలో. నోటుపుస్తకంలో నిన్నటి పేజీ: 4.05. అంతే. మొన్నటిది: 2.30, 4.10.

ఆ 2.30 సంగతే అడగాలి. వారానికి రెండు మూడు సార్లు వస్తోంది. గ్రాఫులో లీక్ లేదు, ఊపిరి ఆగలేదు, ప్రెషర్ చదును. కారణం తెలియక మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మొన్న మెలకువ వచ్చాక కళ్లు తెరవకుండా అలాగే ఉన్నాను. మా ఆవిడ చెయ్యి నా మాస్కు మీద ఉంది. పాతికేళ్లు గురక విని నిద్రపోయిన మనిషి, ఇప్పుడు చప్పుడు లేకపోయేసరికి మెలకువ వచ్చి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తోందట. చూసేటప్పుడు ఆ అరచేయి సరిగ్గా గాలి బయటికి పోయే రంధ్రాల మీదే పడుతోంది.

విశాఖ వదిన గారూ, దీనికి ఏ సెట్టింగు తిప్పాలో మీరే చెప్పాలి.